విద్యార్థినికొక గంట



ఈ మాసమున మన యిండ్లలోని విద్యార్థినులను గూర్చి యొక మాట మనవి చేయుచున్నాను. ఆడుపిల్ల చేతికి ఫోను నిచ్చినచో చెడిపోవునని కొందఱు పెద్దలనుట నేటికిని వినుచున్నాము. ఆ మాటలో భయము గలదు గాని విచారణ లేదు.

మా బంధువుల బాలిక యొకతె బి.ఏ. తరగతిలో తెలుగు చదువుచున్నది. ప్రాచీన పద్యములలో ‘కరము’ అను పదము కనబడినప్పుడెల్ల చేయి యనియే చెప్పుకొని, అన్వయము కుదురక చింతించెడిది. ఇంట నిఘంటువు లేదు. ఉన్న యొక్క ఫోనును అన్నది; రాత్రి భోజనములైన పిమ్మట అరగంట మాత్రమే యామెకు దొరకును. ఆ యరగంటలో, సహాధ్యాయిని చెప్పగా, ఆంధ్రభారతి యను వెబ్‌సైటును జూచినది. అందొక పదమును వ్రాసి వెదకినచో శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌను దొర నిఘంటువు మున్నగువానిలోని యర్థములన్నియు నొక్కచోటనే కానవచ్చును. చేయి, కిరణము, ఏనుగు తొండము, కప్పము, మిక్కిలి: ‘కరము’నకు ఇన్ని యర్థములుండుట చూచి యామె విస్మయమందినది. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము మొదలుగా మహాపండితులు పడిన శ్రమ యంతయు నేడొక పేదబాలిక యరచేతికి వచ్చినది గదా!

పిమ్మట నామె 2003లో నారంభమైన తెలుగు వికీపీడియాను తెలిసికొన్నది. దానిని ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. కావున వ్యాసము క్రింద చూపిన యాధారములను పరిశీలించియే గ్రహింపవలెను. సందేహములను గురువునకు ఈమెయిలున వ్రాసి ప్రత్యుత్తరము పొందుచున్నది. పొరుగూళ్ల నెచ్చెలులతో గూడి గూగుల్ డాక్స్‌లో నొకే వ్యాసమును వ్రాయుచున్నది. ఒకతె దిద్దినది తక్కినవారికి వెంటనే కనబడును.

నిఘంటువు అర్థములను ముందు పఱచును. పద్యమునకు తగినదానిని ఏఱుకొనుట చదువరి బుద్ధికి సంబంధించిన పని. ఫోనును నట్టిదియే. అందు మేలును గీడును గలవు. ఏఱుకొను నేర్పు వాడుకవలననే యలవడును గాని దాచిపెట్టుటవలన రాదు. అపరిచితులకు ఛాయాచిత్రములు పంపరాదనియు, ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదనియు, మనసు కలవరపడిన విషయమును అమ్మకు దాచరాదనియు ముందుగా మనమే నేర్పవలెను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి, మన దేశమున 15 మొదలు 49 యేండ్ల వఱకుగల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను మొబైల్ ఫోను గలవారు నూటికి 54 మందియే. తక్కినవారి విద్య యింకొకరి దయపై నాధారపడరాదు. కొడుకు చదువునకు వేళ నేర్పఱచునట్లే కూతునకును దినమున కొక గంట యేర్పఱచుడు. ఆ గంటలో నామెను నీళ్లకనియు, వంటకనియు పిలువకుడు. వీలైనచో ప్రక్కన గూర్చుండి, ఆమె చదువునది మీరును చదువుడు.