తలలు లెక్కపెట్టి రోడ్డు వేస్తారా?

అల్లూరి జిల్లా మన్యంలో నిండు చూలాలిని ఇప్పటికీ డోలీలో మోస్తున్నారు. కర్రకు దుప్పటి కట్టి, భుజాలు మార్చుకుంటూ కొండ దిగి, గెడ్డ దాటితేగాని అంబులెన్సు ఆగే రోడ్డు రాదు. రోడ్డేదయ్యా అంటే జనాభా చాలదంటారు.

ఎంతమంది ఉంటే చాలు? 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 అని గీత గీశారు. 2024లో ఆమోదించిన నాలుగో దశలోనూ అదే గీత. తలలు మాత్రం 2011 జనాభా లెక్కలవి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలన్న చోట 100 మంది చాలునన్నారు. అంటే ఈ అంకె బ్రహ్మరాత కాదు. సర్కారుకు అవసరమైతే దిగుతుంది. చూలాలి కోసం ఎందుకు దిగదు?

రోడ్డు లేని ఊళ్ళో ఏం జరుగుతుందో మనకు తెలుసు. చింతపండు, పసుపు నెత్తిన మోసుకుని సంతకు పోయినవాడు మళ్ళీ మోసుకురాలేక షావుకారు చెప్పిన ధరకే ఇచ్చి వస్తాడు. కుర్రాళ్ళు వలస పోతారు. జనం లేరు గనక రోడ్డు లేదంటారు వాళ్ళు; రోడ్డు లేదు గనకనే జనం నిలవడం లేదంటాం మేము. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదన్నారు. మంచిదే. బస్సే రాని ఊరికి అదేపాటిది?

తలల లెక్క ఎత్తేయాలి. ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నాం, వానల్లో ఎన్నాళ్ళు దారి తెగిపోతుంది, ఎందరిని డోలీలో మోశాం - ఇదీ లెక్క. కూలి సంఘాలు ఊరూరా ఈ లెక్క రాయాలి, గ్రామసభలో తీర్మానం పెట్టించాలి, అందరం కలిసి మండలాఫీసుకు పట్టుకుపోవాలి. పది గడపల ఊళ్ళో ఉన్నదీ మనుషులే.