డబ్బాలో సోయా, చేలో లేని కంది

మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడు వైపు ఊళ్లలో తెల్లవారకముందే ట్రాక్టర్లు, ఆటోలు కదులుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చిన కూలీలు చేల పక్కనే పట్టాలు కప్పుకుని కాపురాలు పెడతారు. వాళ్ల కేరేజీల్లో ఏముంటుందో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. జొన్నరొట్టో, రేషను బియ్యం అన్నమో, దాంతో గోంగూర పచ్చడి, నీళ్లచారు. పప్పున్న రోజు మంచి రోజు.

పోయిన కోతల్లో అలాంటి ముఠాలోని ఒక అక్క, వయసు యాభై దగ్గర, నాకొక డబ్బా చూపించింది. ఆయాసం వస్తోందని టౌనులో రక్తం పరీక్ష చేయించుకుంటే కొలెస్టరాల్ ఎక్కువుందన్నారట. మాత్రలు రాసిచ్చారట. మందుల షాపులో మాత్రం "ఈ సోయా ప్రొటీను పొడి రోజూ పాలల్లో కలుపుకో, కొలెస్టరాల్ దానంతటదే దిగుద్ది, మాత్రలెందుకు" అన్నారట. మూడు రోజుల కూలి ఆ డబ్బాకే పోయింది. "నిజమేనా తమ్ముడూ? నిజమైతే ఇంకోటి కొంటా" అని అడిగింది. ఇలా అడిగేవాళ్లు ఆమె ఒక్కతే అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు.

నిజం కొంత ఉంది. ఆ కొంత ఎంతో తెలుసుకోవాలి.

సోయా మనం ఎరగనిదేం కాదు. పెళ్లి భోజనాల్లో, బిరియానీలో కనబడే మీల్ మేకరు అదే. సోయా గింజ నుంచి నూనె తీసేయగా మిగిలిన పిండిని యంత్రంలో వేడితో, ఒత్తిడితో నెట్టి ఉండలు చేస్తారు. మన పత్తి గింజ కథ కూడా దాదాపు ఇదే గదా. జిన్నింగు మిల్లులో దూది పోగా మిగిలిన గింజ నుంచి నూనె తీస్తారు, చెక్క గేదెలకి పోతుంది. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉండబట్టి ఆ చెక్క మనిషి కంచంలోకి రాలేదు. సోయా చెక్కలోనూ ఎక్కువ భాగం కోళ్ల మేతకే పోతుంది గాని, శుద్ధి చేసిన కొంత పిండి మనుషుల తిండి అయింది. ఎండు మీల్ మేకరు 100 గ్రాముల్లో సుమారు 50 గ్రాముల మాంసకృత్తులున్నాయి. అదే 100 గ్రాముల కందిపప్పులో 22, వేరుశనగ గింజల్లో 25. మాంసానికి డబ్బు చాలని ఇంట్లో మీల్ మేకరు మంచి ఆసరా. తినొద్దని ఎవరూ అనరు.

కొలెస్టరాల్ సంగతి వేరు. అంతకుముందు జరిగిన 38 పరీక్షలను గుదిగుచ్చి 1995లో అమెరికాలో ఒక వ్యాసం వచ్చింది. రోజుకి సగటున 47 గ్రాముల సోయా మాంసకృత్తులు తిన్నవాళ్లలో చెడ్డ కొలెస్టరాల్ దాదాపు 13 శాతం తగ్గిందని దాని సారాంశం. ఇక కంపెనీలు ఊరుకుంటాయా? డ్యూపాంటు చేతిలో ఉన్న ప్రొటీన్ టెక్నాలజీస్ ఇంటర్నేషనల్ అనే సోయా కంపెనీ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. 1999 అక్టోబరులో అక్కడి ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. కొవ్వు తక్కువ తిండితో పాటు రోజుకి 25 గ్రాముల సోయా మాంసకృత్తులు తింటే గుండెజబ్బు ప్రమాదం తగ్గవచ్చునని డబ్బాల మీద అచ్చేసుకోవచ్చునంది. అర్జీదారు ఎవరో చూశారుగా.

తర్వాతేమైంది? 2006లో అమెరికా హృద్రోగ సంఘం మరో 22 పరీక్షలను తిరగేసింది. రోజుకి 50 గ్రాములు తిన్నా చెడ్డ కొలెస్టరాల్ తగ్గేది సుమారు 3 శాతమేనని తేల్చింది. 2017లో, అనుమతి ఇచ్చిన ఆ ఆహార, ఔషధ సంస్థే, రుజువులు చాలవు గనుక దాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది. అమెరికాలో పలచబడిన మాట మన మందుల షాపుల్లో మాత్రం ఇంకా చిక్కగానే ఉంది.

3 శాతమంటే 160 ఉన్న చెడ్డ కొలెస్టరాల్ 155కి దిగడం. డాక్టరు రాసే స్టాటిన్ మాత్ర మూడోవంతు, ఇంకా ఎక్కువ కూడా దించుతుంది. మాత్ర మానేసి డబ్బా పట్టుకోమనడం తెలిసి అన్నా తెలియక అన్నా ప్రాణం మీదికి తెచ్చే మాటే. పైగా సోయా వల్ల వచ్చే మేలులో కొంత, కొవ్వు మాంసం తగ్గించి దాని బదులు సోయా తినడం వల్ల వచ్చేది. మిరప కోత కూలీ కంచంలో తగ్గించడానికి కొవ్వు మాంసం ఎక్కడుంది?

అలాగని గుండెజబ్బు కలిగినవాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003, 2004 సంవత్సరాల్లో సంభవించిన చావుల కారణాలు ఆరా తీస్తే, వందకి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. మన దేశంలో ఎక్కువగా కనబడే లోపం మంచి కొలెస్టరాల్ తక్కువగా ఉండడం, దాంతోపాటు ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరగడం. తెల్లటి బియ్యం కుప్పగా, పప్పు చుక్కగా ఉండే కంచం దీనికి దోహదం చేస్తుంది. దానిమీద పచ్చళ్ల ఉప్పు, బీడీ, చుట్ట.

ఇక మనవాళ్లు గట్టిగా పట్టుకోవలసిన సంగతి. సోయాని పక్కనబెట్టి శనగ, చిక్కుడు, బఠానీ వంటి పప్పుగింజల మీద జరిగిన 26 పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. రోజుకి 130 గ్రాముల ఉడికిన గింజలు, అంటే ఒక చిన్న గిన్నెడు తింటే చెడ్డ కొలెస్టరాల్ 5 శాతం తగ్గుతుందట. డబ్బా సోయా కంటే మన శనగ గుగ్గిళ్లు ఏం తక్కువ తిన్నాయి?

ఆ 2014 ప్రాంతంలోనే ప్రకాశం జిల్లాలో ఏం జరిగిందో గుర్తుందా? నల్లరేగళ్లలో పండిన శనగలు ధర పడిపోయి కోల్డు స్టోరేజీల్లో మగ్గాయి. వాటి మీద అప్పిచ్చిన బ్యాంకులు వేలం వేస్తామని రైతుల వెంటబడ్డాయి. గింజ గోదాముల్లో ఉండిపోయింది, ఆ గింజ కోసిన కూలీ ఇంట్లో పప్పు లేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమ, జొన్న, సజ్జ వంటివున్నాయి. పప్పు లేదు. రాష్ట్రంలో రేషను కందిపప్పు ఇస్తామంటారు, అది ఏ నెల వస్తుందో డీలరుకే తెలియదు.

పెద్దవాళ్లని అడగండి. జొన్న, కంది, పెసర వేసిన రోజుల్లో కూలీకి గింజలు కొలిచేవారు. కోత అయ్యాక ఆడవాళ్లు, పిల్లలు చేలో పరిగె ఏరుకునేవారు. అది ధర్మరాజ్యమేం కాదు, ఆ కొలతలోనూ మోసముండేది. అయినా ఏరిన పరిగె పొయ్యి మీదికి వచ్చేది. పత్తి వచ్చి, మిరప వచ్చి ఆ చేలను ఆక్రమించాక పరిగె ఏరితే ఏం తింటాం? దూది తింటామా, కారం తింటామా? 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి గుంటూరు, ప్రకాశం రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయినప్పుడు అందరూ అప్పుల గురించి రాశారు. చేసుకోవడానికి పని లేక కూలీ కంచం ఎలా ఖాళీ అయిందో రాసినవాళ్లు తక్కువ.

చిత్రమేమంటే ఆ 1987లోనే, హైదరాబాదు దగ్గర కొన్ని ఊళ్లలో, సోయా మన పేదవాళ్ల పొట్టకి ఏం చేస్తుందో చూపించే పని ఒకటి మొదలైంది. జాతీయ పోషకాహార సంస్థ 29 ఊళ్లు తీసుకుంది. 15 ఊళ్లలో ఐ.సి.డి.ఎస్. కింద గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్లలోపు పిల్లలకి రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. తల్లులకి రోజుకి 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు, పిల్లలకి 8 నుంచి 10. పథకం ఇంకా చేరని 14 ఊళ్లతో పోల్చారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ వెళ్లి పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాల బిరుసు తక్కువ, చక్కెర జబ్బుకి దారితీసే లక్షణం 20 శాతం తక్కువ. కొలెస్టరాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే ఆ ఉప్మా చేసిన మేలు డబ్బా మీది అచ్చు చెప్పే మేలు కాదు. కడుపులో ఉన్నప్పుడూ, పాలు తాగేటప్పుడూ తల్లీబిడ్డకి కడుపునిండా దొరికిన తిండి అది, సర్కారు ఖర్చుతో, ఊళ్లోనే. మన వలస కూలీల పిల్లలకి ఇది ఇవ్వాళ అందుతోందా? పట్టాల కింద ఉండే బాలింత పేరు ఏ అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంది? సొంత ఊళ్లో రాసి ఉంటుంది, ఇక్కడ కోతల నెలలన్నీ గుడ్డూ లేదు, పాలూ లేవు. సంఘాలు మండలాఫీసుకి ఇచ్చే అర్జీల్లో కూలి రేటు పక్కన ఇదీ రాయాలి. రేషనులో నెల తప్పకుండా కంది, శనగ ఇమ్మని రాయాలి. కోతల కాలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లు చేల దగ్గరికే వచ్చి రక్తపోటు, చక్కెర చూడాలని రాయాలి.

అక్కకి ఇంకో డబ్బా కొనొద్దన్నాను. మిగిలిన సగం పారేయకుండా రొట్టె పిండిలో కలుపుకోమన్నాను. డాక్టరు రాసిన మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పాను. వాటి కోసం సర్కారు ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుందంది. ముఠా మేస్త్రితో మాట్లాడితే, ఆ రోజు కోసిన మిగతావాళ్లు తలా కొంచెం ఆమె లెక్కలో వేస్తామన్నారు.