స్క్రూడ్రైవరు ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన దసరాకు మా మామయ్య ఇంట్లో బొమ్మల కొలువు పెట్టారు. ఈసారి వీధిలోని వాళ్లంతా రెండు వింతలు చూడడానికి వచ్చారు. ఒకటి, మా బావ మోటారు బిగించిన సైకిలు. రెండోది, కొలువులో మూడో మెట్టు మీద నిలబడి రోకలి పైకెత్తి దంచే బొమ్మ.

సైకిలు సంగతి ముందు చెప్తాను. బావ పాత సైకిలు వెనక చక్రం తీసేసి, 250 వాట్ల మోటారున్న చక్రం వేశాడు. 36 వోల్టుల బ్యాటరీ, ఒక కంట్రోలరు, హ్యాండిలుకు తిప్పే పిడి. అంతే. ఒక ఆదివారం హరూరు నుంచి తీర్థమలై కొండ కిందదాకా పోయాడు. తిరిగొచ్చేటప్పుడు చార్జ్ అయిపోయి తొక్కుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. అయినా ఇంట్లో అందరూ "మావాడు ఇంజినీరు" అన్నారు. దీనికి ముందు రెండు కంట్రోలర్లు కాల్చాడు. దాన్ని ఎవరూ నష్టం అనలేదు, "నేర్చుకుంటున్నాడు" అన్నారు.

బొమ్మ కూడా బావ చేసిందే అని చెప్పుకున్నారు. చెడిపోయిన ప్రింటరులోంచి చిన్న మోటారు తీసి పళ్లచక్రానికి కలిపాడు. చక్రం అంచున ఒక మేకు, మేకుకు ఒక కమ్మీ, కమ్మీ చివర బొమ్మ చేయి. చక్రం గుండ్రంగా తిరిగితే చేయి కిందికీ పైకీ ఆడుతుంది. బాగుంది. కానీ మొదటిరోజు ఆ బొమ్మ దంచనే లేదు. చేయి సగం లేచి ఆగిపోయేది. అప్పుడు మా అత్త వచ్చి చూసి, "ఆ మట్టి రోకలి బరువురా, దానికి ఎత్తే బలం లేదు" అని చెప్పి, థర్మోకోల్‌తో రోకలి చేసి రంగేసి పెట్టింది. అప్పటినుంచి ఆగకుండా దంచింది. బొమ్మ ఒళ్లు కుట్టిందీ, చీర కట్టిందీ, మోచేయి మడిచేచోట గుడ్డను వదులు చేసిందీ అత్తే. కొలువు చూడడానికి వచ్చిన ఒక్కరు కూడా ఆమెను అడగలేదు. ఆమె అందరికీ సుండలు ఇస్తూ ఉండింది.

అదే నెలలో మా ఇంట్లో మిక్సీ ఆగింది. నేను ప్లగ్గు తీసి, బోర్లించి, నాలుగు స్క్రూలు విప్పాను. లోపల రెండు కార్బన్ బ్రష్‌లు ఉన్నాయి. ఒకటి అరిగి గోరంత అయింది. తప్పు దొరికిందని సంతోషపడేలోపల ఆ బ్రష్ వెనకున్న స్ప్రింగు ఎగిరి గ్యాస్ స్టవ్ వెనకాల ఎక్కడో పడింది. అమ్మ వచ్చింది. "ఆడబిడ్డకు ఈ పనులెందుకే? ఉన్నదాన్ని కూడా పాడుచేసినావు" అంది. "అది ముందే చెడిపోయింది కదమ్మా" అన్నాను. వినలేదు. ఆరోజు నుంచి స్క్రూడ్రైవరు బీరువా పైకెక్కింది.

నాకు అమ్మ మీద కోపం లేదు. ఆమెకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రెండు కంట్రోలర్లు కాల్చినవాడు ఇంజినీరు, ఒక స్ప్రింగు పోగొట్టినది పాడుచేసేది. ఎందుకు? మనలో తెలివి తక్కువై కాదు. పాడుచేసే హక్కు మనకు లేకపోవడం వల్లనే అని నా అభిప్రాయం. వస్తువు విప్పి, ఒకసారి చెడగొట్టి, రెండోసారి సరిచేసే అవకాశం ఎవరికి ఉంటుందో వాళ్లే కొత్తది కనిపెడతారు.

దీనికి మన తమిళనాడు తెలుగువాళ్లలోనే పెద్ద ఉదాహరణ ఉంది. జి.డి. నాయుడు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడిలో టీచరు మీద ఇసుక విసిరిన పిల్లవాడని ఆయన గురించి చెప్తారు, చదువు మూడో తరగతి దగ్గరే ఆగింది. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు చూసి, అది గుర్రం లేకుండా ఎలా పరుగెత్తుతుందో తెలుసుకోవాలని పట్టుబట్టారు. కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టి అలాంటి రడ్జ్ బండి కొన్నారు. కొన్నాక ఏం చేశారు? ఊరేగలేదు. మొత్తం విప్పేశారు. మళ్లీ బిగించారు. మెకానిక్ అయ్యారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి దాన్ని పెద్ద సంస్థగా చేశారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారుచేశారు. దేశంలో తయారైన మొదటి మోటారు అదే అంటారు. ఈరోజు ఆ ఊరు మోటారు పంపులకు పేరు మోసిందంటే దాని వెనక ఈ పని ఉంది. బ్యాటరీతో నడిచే చిన్న మోటారున్న రేజరూ ఆయనదే. 1974లో పోయారు. అవినాశి రోడ్డు మీద కట్టిన పొడవైన వంతెనకు 2025లో ఆయన పేరు పెట్టారు.

ఆయన గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఒక్కటే అడుగుతున్నాను. అదే ఇంట్లో, అదే బుర్రతో ఒక ఆడపిల్ల పుట్టి ఉంటే, హోటల్లో పనిచేసి బండి కొని నడివీధిలో విప్పి కూర్చుంటే, వంతెనకు పేరు పెట్టే దాకా రానిచ్చేవాళ్లా?

చైనాలో వూ యూలు అనే రైతు ఉన్నాడు. బీజింగ్ దగ్గర పల్లెటూరు. పాత ఇనుము, తీగలు, మోటార్లు ఏరుకొచ్చి నడిచే మరబొమ్మలు చేస్తాడు. వాటిలో ఒకటి ఆయన్ను రిక్షాలో కూర్చోబెట్టుకుని లాగుతుంది. ఈ ప్రయోగాల్లో ఒకసారి ఇల్లు కాలి, అప్పుల పాలయ్యాడు. అయినా ప్రపంచం ఆయన్ను మెచ్చుకుంది, 2010లో షాంఘైలో ఆయన బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. మెచ్చుకోవలసిందే. కాకపోతే ఇల్లు కాలిన తర్వాత ఆ ఇంట్లో వంట ఎలా జరిగిందో, పిల్లలకు అన్నం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. ఒక మనిషి ప్రయోగానికి ఖర్చయ్యేది అతని డబ్బు మాత్రమే కాదు, ఇంట్లో ఇంకొకరి ఓర్పు కూడా.

"అమ్మాయిలకు ఇలాంటి వాటి మీద ఆసక్తి ఉండదు" అని కొందరంటారు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త చేసిన మోటారు బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో వంద కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ పుట్టింటికి పోయింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు కొట్టించింది. ఈరోజు బ్రేకు లైనింగు అని మనం అనేదానికి అదే మొదలు అంటారు. ఆమె చేతికి బండి దొరికింది కాబట్టి ఆమె బుర్ర బయటపడింది.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి చెప్తాను. తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి రకం చీరకు నేతకు ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని ఒక చేత్తో వేలసార్లు తిప్పాలి. ఆయన తల్లి లక్ష్మి గారికి ఆ పనితో భుజం నొప్పి పట్టేది. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. యంత్రానికి తల్లి పేరే పెట్టారు, అది ఆయన మంచితనం. నేను ఆలోచించేది ఇది: ఆ పనిలో ఏ వేలు ఎటు తిరగాలి, దారం ఎంత బిగువుండాలి అనే జ్ఞానమంతా ఆ తల్లి చేతిలో ఉంది. ఏడేళ్లు ఓడిపోతూ ప్రయత్నించే వెసులుబాటు మాత్రం కొడుకుకే ఉంది. ఆమెకే ఆ ఏడేళ్లు దొరికి ఉంటే?

మన పక్క కృష్ణగిరి జిల్లాలో కూడా ఒక పోచంపల్లి ఉంది. అక్కడ కరెంటు స్కూటర్ల పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. దాన్ని పూర్తిగా ఆడవాళ్లే నడుపుతారని, పదివేలమందిని తీసుకుంటామని 2021లో ఆ కంపెనీ ప్రకటించింది. మన వైపు అమ్మాయిలకు జీతం దొరికితే మంచిదే, నేను కాదనను. కానీ చూడండి, ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు మన చేతికి స్క్రూడ్రైవరు ఇస్తారు. అక్కడ ఒకే స్క్రూను రోజంతా బిగించాలి. ఇంటికొస్తే అదే చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వరు. బిగించడానికి మనం పనికొస్తాం, విప్పి చూడడానికి పనికిరామా?

"షాక్ కొడితే?" అనే భయం మాత్రం న్యాయమైనదే. కరెంటుతో ఆట కాదు. 2022 ఎండాకాలంలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు అంటుకుని మనుషులు చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిచేసింది. లిథియం బ్యాటరీ పొట్ట విప్పకూడదు. పడుకునే గదిలో రాత్రంతా చార్జింగు పెట్టకూడదు. ఏ వస్తువైనా ప్లగ్గు తీయనిదే ముట్టకూడదు, తీసిన వెంటనే కూడా లోపలి కెపాసిటర్‌ను తాకకూడదు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండికైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాటితే కావాలి. ఇవన్నీ నేర్పితే వస్తాయి. స్క్రూడ్రైవరును బీరువా మీద పెడితే రావు. ఇంట్లో మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె రోజూ ముట్టేది మనమే. వాటి లోపల ఏముందో తెలియకపోవడమే పెద్ద ప్రమాదం.

"ఇది ఫిజిక్స్ వాళ్ల పని, తెలుగు డిపార్ట్‌మెంటుకు ఏం సంబంధం?" అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. మిక్సీ విప్పిన తర్వాత బావ సైకిలు మోటారు గురించి మా అవ్వకు చెప్పబోయాను. హబ్ మోటారు అంటే ఆమెకు అర్థం కాలేదు. "బండి చక్రానికి మధ్యలో కుండ ఉంటుంది కదవ్వా, ఆకులన్నీ దాంట్లోకే పోతాయి, ఆ కుండలో మోటారు కూర్చుంది" అన్నాను. వెంటనే ఆమె, "మరి ఇరుసు తిరగదా?" అని అడిగింది. తిరగదు. ఇరుసు కదలకుండా ఉంటుంది, దానికి రాగితీగ చుట్లు ఉంటాయి, చుట్టూ అయస్కాంతాలున్న కుండ తిరుగుతుంది. మిక్సీలోలాగా అరిగిపోయే బ్రష్‌లు ఇందులో ఉండవు, ఆ పని కంట్రోలరు చేస్తుంది. మా అవ్వ బడి మొహం చూడలేదు. కానీ ఆమె అడిగింది సరైన ప్రశ్న. కుండ, ఆకు, పూటీ, ఇరుసు, చీల... ఈ మాటలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మనం బడిలో తమిళం చదువుకున్నాం, ఇంట్లో తెలుగు మాట్లాడాం, ఆ ఇంటి తెలుగును ఎక్కడా రాసుకోలేదు. యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి అది సరిపోతుందని మనకే నమ్మకం లేదు. జి.డి. నాయుడు గారికీ, మల్లేశం గారికీ పెద్ద చదువులు లేవు. వాళ్లు యంత్రంతో మాట్లాడింది ఇంటి భాషలోనే అయి ఉంటుంది.

అందుకని మన మేడమ్‌లకు నా మనవి. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం మన డిపార్ట్‌మెంటు వరండాలో ఒక బల్ల వేద్దాం. చెడిపోయిన వస్తువులు ఇళ్లనుంచి తెచ్చుకుందాం. గడియారం, టార్చిలైటు, మిక్సీ, ఫ్యాను, పిల్లల బొమ్మ కారు. ఫిజిక్స్ మేడమ్ ఒకరు పక్కన ఉండాలి, ప్లగ్గు పెట్టే పని వాళ్లదే. విప్పే పని మనది. నియమం ఒక్కటే: పాడైతే ఎవరూ తిట్టకూడదు. విప్పినవాళ్లు లోపల ఏం చూశారో పది వరుసలు తెలుగులో రాసి ఈ గోడపత్రికకు ఇవ్వాలి. భాగాల పేర్లు అవ్వలనూ తాతలనూ అడిగి రాయాలి. వచ్చే దసరాకు మన కొలువులో ఒక్క కదిలే బొమ్మైనా మనమే చేద్దాం. దాని పక్కన అట్ట మీద చేసినవాళ్లందరి పేర్లూ రాద్దాం. మోటారు బిగించినవాళ్లవీ, చీర కట్టినవాళ్లవీ, రోకలి బరువు ఎక్కువైందని కనిపెట్టినవాళ్లవీ.

మొదటి శనివారానికి మా పాత మిక్సీ నేను తెస్తాను. స్ప్రింగు ఇంకా దొరకలేదు. మీరేం తెస్తారో ఈ కాగితం కింద వదిలిన ఖాళీలో రాయండి.

— బి.ఏ. తెలుగు, మూడో సంవత్సరం విద్యార్థిని