గురి తప్పిన తుపాకీ బొమ్మలు

అమెరికాలో కాల్పులు జరిగిన ప్రతిసారీ పాత తగవే మళ్లీ మొదలవుతుంది. సినిమాల్లో, బొమ్మల్లో తుపాకులు శ్రుతిమించాయని ఒక పక్షం అంటుంది. కళ జోలికి రావద్దని మరో పక్షం అంటుంది. బొమ్మలు వేసేవాడిగా నేను రెండో పక్షాన నిలవాలి. నిలవలేను. ఇద్దరూ ఒక అంకెను దాటవేసి వాదిస్తున్నారు. 2023లో అక్కడ తుపాకీ వల్ల పోయినవారు 46,728 మంది. వారిలో 27,300 మంది ఆత్మహత్య చేసుకున్నవారు. అంటే నూటికి 58 మంది.

మరి మనం గీసిన తుపాకీ ఎటు చూస్తోంది? 1903 నాటి సినిమా ‘ద గ్రేట్ ట్రైన్ రాబరీ’లో దొంగ నేరుగా ప్రేక్షకుల మీదికే కాల్చాడు. రాబర్ట్ కెనెడీ హత్య తర్వాత, 1968 జూన్ 21 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ వేసిన తుపాకీ కూడా చూసేవాడి ముఖానికే గురిపెట్టి ఉంటుంది. మన తెలుగు సినిమా ఫస్ట్‌లుక్ పోస్టర్లలో హీరో పట్టుకునేదీ తరచూ అలాంటిదే. ఎప్పుడూ చంపేవాడొకడు, చచ్చేవాడు ఇంకొకడు. 58 శాతం చావుల్లో ఆ ఇద్దరూ ఒక్కరే.

చిత్రకారుడు గోయా వేసిన ‘మే 3, 1808’ను తక్కువ చేయను. సైనికుల ముఖాలు దాచి, లాంతరు వెలుగంతా తెల్లచొక్కా మనిషి మీద పోయడం ఇప్పటికీ మాకు పాఠమే. అయితే అది రాజ్యం చేసిన హత్య. ఆ తర్వాత రెండు శతాబ్దాలు దాన్నే తిరగరాస్తూ కూర్చున్నాం. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ముందున్న, శిల్పి రాయిటర్స్‌వార్డ్ చేసిన రివాల్వర్‌నే చూడండి. గొట్టానికి ముడి వేసి ఉంటుంది. గాయకుడు జాన్ లెనన్ హత్య మీద దుఃఖంతో పుట్టిన శిల్పం అది, ఆ దుఃఖం నిజం. కానీ అందులో మనిషే లేడు. పక్కన నిలబడి ఎవరైనా ఫొటో దిగవచ్చు.

చిత్రకారుడు మానే మాత్రం ఆత్మహత్య జరిగిన గదిలోకి వెళ్లాడు. 1877-81 మధ్య వేసిన ‘ఆత్మహత్య’ చాలా చిన్న చిత్రం. మంచం మీద వెనక్కి వాలిపోయిన మనిషి, చొక్కా మీద నెత్తురు, చేతిలోంచి ఇంకా జారని పిస్టల్. ఎందుకు చేశాడో చెప్పే ఉత్తరం లేదు, ఏడ్చేవారు లేరు. వీరత్వం అసలే లేదు. ఆ చిత్రం ఇప్పుడు ఎవరి సేకరణలో ఉందో తెలుసా? నాజీ జర్మనీకి ఆయుధాలు అమ్మిన ఎమిల్ బూర్లే పేరిట ఉన్న సంస్థ దగ్గర. ఆ సేకరణ 2021లో జ్యూరిక్ కున్‌స్ట్‌హౌస్ కొత్త భవనానికి చేరినప్పుడు, యూదుల నుంచి పోయిన చిత్రాల గురించి గట్టిగా నిలదీశారు. నిలదీయాల్సిందే. ఆయుధాల సొమ్ముతో కూడిన సేకరణలో ఈ పిస్టల్ ఉండటం గురించి కూడా అంత గట్టిగా అడగాల్సింది.

ఇది సున్నితమైన విషయం, గీస్తే ప్రమాదం అంటారు. ఆత్మహత్యను అందంగా గీస్తే ప్రమాదమే. దాచడం అంతకన్నా ప్రమాదం. తుపాకీతో ఆ ప్రయత్నం చేసిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది దక్కరు. చావాలనిపించిన ఆ ఘడియ గడిస్తే బతికి బట్టకట్టేవారు ఎందరో. ఇంట్లో తుపాకీ ఉండి తాళం వేయని సొరుగు ఆ ఘడియను గడవనివ్వదు. ఆ సొరుగును ఏ పోస్టరూ చూపదు, ఏ గ్యాలరీ గోడా మోయదు. తుపాకీ హింస పేరిట ప్రదర్శనలు పెట్టే క్యూరేటర్లు 58 శాతం గోడను ఆ చావులకు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే, ఆయుధాల కంపెనీ క్యాటలాగులో ఉన్నంత శుభ్రమైన తుపాకులను వేలాడదీసి మమ్మల్ని సంతాపానికి పిలవడం మానుకోవాలి.