గిటారు గుండీ

ఇంట్లో పెద్ద వస్తువు పాడైతే అందరికీ తెలుస్తుంది. చిన్న వస్తువు పాడైతే మాత్రం, దాన్ని నమ్ముకున్న పెద్ద వస్తువు కింద పడేదాకా ఎవరూ చూడరు. ఈ వారం చెప్పబోయేది అటువంటి చిన్న వస్తువు సంగతే.

కరీంనగరంలో మా మేనల్లుడి దగ్గర ఒక ఎలక్ట్రిక్ బేస్ గిటారు ఉన్నది. మామూలు గిటారుకు ఆరు తీగలైతే దీనికి నాలుగే. అవీ లావుపాటివి. అన్నిటికన్న లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. అందుకే దాని నాదం చెవికన్న ముందు గుండెకు తగులుతుంది. పాటలో అది ఉన్నట్టు ఎవరూ గమనించరు. లేకపోతే మాత్రం పాట తేలిపోయినట్లుంటుంది.

వెనుక ఈ పని చేసేది నిలువెత్తు డబుల్ బేస్. దాన్ని నేలమీద నిలబెట్టి, పక్కన నిలుచుని వాయించాలి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియోలు బాగుచేసుకుంటూ పైకి వచ్చిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని బజారులోకి తెచ్చాడు. దానితో బేస్ నేలను వదిలి మనిషి భుజానికి ఎక్కింది. అంతవరకు నేల మోసిన బరువును ఇప్పుడు ఒక తోలుపట్టీ, దాన్ని తగిలించే రెండు గుండీలు మోయవలసి వచ్చింది.

భుజానికి వాద్యం తగిలించుకోవటం మనకు కొత్త కాదు. డప్పు అలాగే వేలాడుతుంది, ఒగ్గుకథలో డోలూ అంతే. కాని తాడు ముడి వదులైతే కంటికి కనిపిస్తుంది. గిటారు గుండీ కథ వేరు. సుమారు నాలుగు కిలోల బరువు, కర్రలోకి దిగిన అంగుళం పొడుగు స్క్రూ మీద ఆధారపడుతుంది. వాయించేవాడు అటూ ఇటూ కదిలినప్పుడల్లా పట్టీ గుండీని గుంజుతుంది. స్క్రూ మరలు కరచిపట్టుకున్న కర్రపీచు కొంచెం కొంచెంగా నలిగి, రంధ్రం పెద్దదవుతుంది.

"మామా, పేచ్‌కస్ తోటి ఎంత తిప్పినా తిరుగుతనే ఉన్నది, పట్టుకుంటలేదు," అన్నాడు వాడు. కాగితం మడిచి రంధ్రంలో కుక్కి చూశాడట. రెండు రోజులు నిలిచిందట. నాలుగో రోజున ఒక పెళ్ళిలో పాటకచ్చేరీ ఉన్నది. తొలి ఉద్యోగపు జీతంలోంచి వాయిదాలు కట్టి కొన్న గిటారు అది. వేదిక మీద జారిపడితే మెడ విరగవచ్చు. అప్పుడు వాయిదాలు మిగులుతాయి, గిటారు మిగలదు.

"పెద్ద మొల ఒకటి కొడితే పోలేదా అన్నా?" అన్నది మా చెల్లెలు. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. కాని గుండీ ఉండేది గిటారు కొమ్ము చివర. అక్కడ లావు మొల దిగగొడితే కర్ర నరం వెంట చీలిపోతుంది. స్క్రూ వదులు కావటానికి ఇనుము కారణం కాదు, చుట్టూ కర్ర తగ్గిపోవటం కారణం. తగ్గినదాన్నే తిరిగి ఇవ్వాలి.

నిర్మల్ బొమ్మలు చూసినవారికి ఈ సూత్రం కొత్తగా తోచదు. అక్కడి పనివారు తేలికైన పొనికి కర్రతో కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. రంగు వేసిన తరువాత అతుకు కనబడదు. అయితే బొమ్మ చేయి నాలుగు కిలోలు మోయదు. స్క్రూ కరచిపట్టటానికి పొట్టు చాలదు, పొడుగు పీచున్న పుల్లలు కావాలి. టేకుకు పేరుపడ్డ ఆదిలాబాదు పొరుగువాళ్ళం కనుక టేకు పుల్లే పెడదామనిపిస్తుంది. కాని టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా అంటదు. అగ్గిపుల్లే మేలు.

చేసే పద్ధతి ఇది. గిటారును దుప్పటి మీద పడుకోబెట్టి, గుండీ ఊడదీసి, రంధ్రంలోని పొడిని ఊదెయ్యాలి. అగ్గిపుల్లల మందు తలలు కోసివేసి, కొయ్యపనికి వాడే తెల్లజిగురులో ముంచి, రంధ్రం బిగువుగా నిండేదాకా ఒక్కొక్కటీ లోపలికి నెట్టాలి. పొంగిన జిగురును తడిబట్టతో వెంటనే తుడవాలి. తరువాత ఒక పూర్తి రోజు ముట్టుకోకూడదు. అన్నిటిలోకి కష్టమైన పని ఇదే! మావాడు గంటకొకసారి వచ్చి, "ఎండిందా మామా?" అని అడిగాడు.

మర్నాడు పైకి పొడుచుకు వచ్చిన పుల్లలను బ్లేడుతో సమంగా కోసి, స్క్రూ కన్న సన్నని బర్మాతో నడిమధ్య బెజ్జం వెయ్యాలి. స్క్రూకు కొంచెం సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది. గుండీ కింద మందపాటి ఉన్నిగుడ్డ బిళ్ళ పెట్టి, చేతితోనే బిగించాలి. బిగిసిందనిపించగానే ఆపాలి, ఇంకొక్క చుట్టు తిప్పుదామనే ఆశే కొత్త పీచును కూడా నలిపేస్తుంది. రంధ్రం మరీ పాడైతే వడ్రంగి చేత గుండ్రంగా తొలిపించి, గట్టి కర్రమేకు జిగురుతో దింపించి, దానిలో స్క్రూ వేయించటం మంచిది.

పరీక్ష మంచం పక్కన చెయ్యండి. పట్టీ భుజాన వేసుకుని, పరుపు మీదకు వంగి, గిటారును కిందికి గుంజి చూడాలి. మావాడు ఒకసారి కాదు, పదిసార్లు గుంజాడు. గుండీ కదలలేదు. కచ్చేరీలో రెండు గంటలు వాయించి వచ్చి, మళ్ళీ చూసుకున్నాడు.

మీ ఇంట్లో గిటారు లేకపోవచ్చు. తలుపు బందులు, బీరువా పిడులు, కుర్చీ చేతులు లేని ఇల్లుండదు గదా! కర్రలో ఏ స్క్రూ ఊరికే తిరుగుతున్నా మందు ఇదే. రెండు రూపాయల అగ్గిపెట్టె, కాస్త జిగురు, ఒక రోజు ఓపిక.