అడిగే పిల్లల్ని కసరొద్దు

క్రిస్మస్ సెలవులకు హన్మకొండ నుంచి రేగొండ వచ్చిన మా అన్న కొడుకు, ఆరాధన అయ్యాక నన్ను ఆపి అడిగాడు: "కాకా, అద్భుతాలు మనం చూడలే. చూసినోళ్లు చెప్పిండ్రు, అంతే. వాళ్ల మాట ఎందుకు నమ్మాలె?" పక్కనున్న పెద్దమనిషి ఒకాయన "అట్లడుగుడే పాపం" అని కసిరాడు. పిల్లాడు మళ్లీ నోరెత్తలేదు. నా మనసు చివుక్కుమంది.

ఆ ప్రశ్న పాతదే. 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగాడు. ప్రకృతి ఇలాగే నడుస్తుందని లోకానుభవమంతా చెబుతుంటే, కాదని చెప్పే కొందరి సాక్ష్యం నిలుస్తుందా అని ఆయన వాదన. అబర్డీన్‌లో కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పాస్టర్ జార్జ్ క్యాంప్‌బెల్ జవాబు రాశాడు. అచ్చుకాకముందే ఆ రాతప్రతి ఇద్దరినీ ఎరిగిన హ్యూ బ్లెయిర్ ద్వారా హ్యూమ్ చేతికి వెళ్లింది. ఆయన అభ్యంతరాలు విని, కటువైన మాటలు కొన్ని మార్చి, 1762లో క్యాంప్‌బెల్ పుస్తకం వేశాడు. అందులో ఒక వాదన నాకు ఇప్పటికీ గట్టిదనిపిస్తుంది. ఎదుటివాళ్ల మాట నమ్మడం అనుభవం నేర్పింది కాదు. పిల్లలు ముందు నమ్ముతారు, మోసపోయాకే అనుమానించడం నేర్చుకుంటారు. మావాడు తన పుట్టినరోజునైనా వాళ్లమ్మ చెబితేనే కదా నమ్మింది! అంతమాత్రాన ప్రతి అద్భుతమూ రుజువైపోదు. చెప్పినవాడెవడు, అబద్ధమాడితే వాడికేం లాభమని విచారించాల్సిందే.

జవాబు చెప్పకుండా నోరు మూయిస్తే ఏమవుతుందో మరో ఊరు చూపింది. జర్మనీలోని ఆ హాలే పట్టణమంటే నాకు గౌరవం. మిషనరీ బెంజమిన్ షుల్జ్ వేయించిన తొలి తెలుగు అచ్చు పుస్తకాలు 1746లో అక్కడే వచ్చాయి. అవి మన క్రైస్తవ పుస్తకాలే. కానీ అదే ఊళ్లో 1721లో ఆచార్యుడు క్రిస్టియన్ వోల్ఫ్, క్రీస్తును ఎరగని చైనావాళ్లకూ నీతి తెలుసని ప్రసంగిస్తే, భక్తిపరులైన తోటి ఆచార్యులు పగబట్టారు. గొడవ ముదిరి రాజు దాకా వెళ్లింది. 1723లో ఆజ్ఞ వచ్చింది: 48 గంటల్లో రాజ్యం విడవాలి, లేదంటే ఉరి. వోల్ఫ్ పేరు మాత్రం యూరప్ అంతా మోగింది. 1740లో కొత్త రాజు ఆయన్ని గౌరవంగా వెనక్కి పిలిపించాడు. తరిమినవాళ్ల భక్తికి దక్కిందేమీ లేదు.

వోల్ఫ్ మాట మా ఊరివాళ్లకు కొత్తేం కాదు. కొడవటంచ జాతరకు పోయే హిందూ ఇరుగుపొరుగు మధ్యే బతుకుతున్నాం. ఆపదొస్తే ముందు ఉరికొచ్చేది వాళ్లే. వాళ్ల మంచిని ఒప్పుకుంటే నా విశ్వాసానికి రవ్వంత నష్టం లేదు.

సంఘ పెద్దలకు నా విన్నపం: నెలకొక ఆదివారం, ఆరాధన తర్వాత అరగంట, పిల్లల ప్రశ్నలకు ఇవ్వండి. తెలియకపోతే తెలియదనండి. చదివి, వచ్చే నెల జవాబు చెప్పండి.