టిఫిన్ బాక్సులో దొరికిన చదువు

నిరుటి వార్షికోత్సవం రాత్రి మన హాస్టల్ స్టేజీ మీద గిటార్ మోగినప్పుడు మిత్రులు రెండు రకాలుగా మాట్లాడారు. "అదిరింది" అన్నారు కొందరు. "స్పీకర్ చిరిగిందా ఏంటి?" అన్నారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ రాత్రి గిటార్‌కూ ఆంప్లిఫైయర్‌కూ మధ్య నేల మీద ఒక అల్యూమినియం టిఫిన్ బాక్సు ఉంది. దాన్ని ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. గిటార్ స్వరాన్ని కావాలని కొంచెం చిరగ్గొట్టడమే దాని పని. దాన్ని మేం నలుగురం మా గదిలో కూర్చుని చేశాం.

ఆ మరునాటి నుంచి మాకొక ప్రశ్న ఎదురవుతూనే ఉంది. "చదువుకోవడానికి వచ్చి ఈ పనులేంట్రా?" పెద్దలూ అడిగారు, తోటివాళ్లూ అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు ఈ సంచికలో జవాబు రాస్తున్నాం. అదీ చదువే. నిజం చెప్పాలంటే మూడేళ్ల డిగ్రీలో మాకు అందకుండా పోయిన చదువు ఆ టిఫిన్ బాక్సులో దొరికింది.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ తీసుకున్న వారికి 741 ఐసీ గురించి చెప్పనక్కర్లేదు. నిద్రలో లేపి అడిగినా బొమ్మ గీసేస్తాం. రెండో పిన్ను ఇన్వర్టింగ్, మూడోది నాన్ ఇన్వర్టింగ్, ఆరోది అవుట్‌పుట్. పరీక్షలో మార్కులూ బాగానే వచ్చాయి. కానీ ల్యాబ్‌లో బల్లకు ఆరుగురం. ఒకరు తీగలు కలిపేవారు, ఒకరు రీడింగ్ చూసేవారు, మిగతా నలుగురం రికార్డులో ఎక్కించుకునేవాళ్లం. సోల్డరింగ్ ఐరన్ ఒక్కసారీ పట్టుకోకుండానే ఎలక్ట్రానిక్స్ పట్టభద్రులమైపోయాం.

మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. సెలవులకు ఊరెళ్తే పక్కింటి పెద్దమ్మ పాడైపోయిన చార్జింగ్ లైటు తెచ్చి, "నువ్వు కరెంటు చదువు చదివినవ్ గదా బిడ్డా, జర చూడు" అంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పట్నంలో చూపించాలి పెద్దమ్మా" అని తిరిగిచ్చేసిన అనుభవం మా అందరిదీ. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మాకు గుచ్చుకుంది.

ఇక గిటార్ సంగతి. ఉద్యోగం వచ్చి వెళ్తూ ఒక సీనియర్ అన్న తన పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను మా గదిలో వదిలి వెళ్లాడు. జయంతి సభలకు వాడే మన హాస్టల్ మైకు సెట్టుకే దాన్ని కలిపి వాయించేవాళ్లం. శబ్దం పలచగా, చప్పగా ఉండేది. దుకాణంలో పెడల్ ధర అడిగితే వేలల్లో చెప్పారు. అలాంటి పెడల్ సర్క్యూట్ బొమ్మ ఒకటి సంపాదించి చూశాక మాత్రం నోట మాట రాలేదు. ఎంఎక్స్‌ఆర్ డిస్టార్షన్ ప్లస్ అని 1970ల నాటి పేరున్న పెడల్. దాని గుండెకాయ మరేదో కాదు, మన 741! మనం రికార్డులో ఎక్కించుకున్న నాన్ ఇన్వర్టింగ్ ఆంప్లిఫైయర్, దాని చివర రెండు డయోడ్లు. అంతే.

అది పనిచేసే తీరు సులువైనదే. గిటార్ తీగ కింద అయస్కాంతానికి చుట్టిన సన్నని రాగి తీగను పికప్ అంటారు. అందులో పుట్టే వోల్టేజి సుమారు 100 మిల్లీవోల్టులు. దాన్ని వంద రెట్లు చేస్తే 10 వోల్టులు కావాలి. కానీ ఎదురెదురుగా పెట్టిన రెండు సిలికాన్ డయోడ్లు 0.6 వోల్టుల దగ్గరే దారి తెరిచేస్తాయి. దాంతో అలల శిఖరాలు కొడవలితో కోసినట్టు చదునైపోతాయి. అలా కోసిన చోట అసలు స్వరంలో లేని కొత్త హార్మోనిక్స్ పుడతాయి. మనకు వినిపించే గరగర అదే.

మొదటి రోజు మా సర్క్యూట్ అసలు పలకలేదు. రెండు రాత్రులు తలలు పట్టుకున్నాక కారణం దొరికింది. మన పుస్తకాల్లో 741కు ఎప్పుడూ ప్లస్ 12, మైనస్ 12 రెండు సరఫరాలు చూపిస్తారు. మా దగ్గరున్నది ఒకే ఒక్క 9 వోల్టుల బ్యాటరీ. గిటార్ అల సున్నాకు పైనా కిందా ఊగుతుంది, కింద ఊగడానికి మా బ్యాటరీలో చోటే లేదు. రెండు సమానమైన రెసిస్టర్లతో 9ని సగం చేసి, ఆ 4.5 వోల్టులనే ఐసీకి నడిమి గీతగా చూపించాలి. ఈ ముక్క ఏ పరీక్షలోనూ మమ్మల్ని అడగలేదు. ఇక మేం చచ్చేదాకా మరచిపోం.

అది పలికింది గానీ కందిరీగల తుట్టెను కదిపినట్టు పలికింది. పైగా వెనకాల 'స్స్' అని ఒకటే హోరు. అప్పుడు తెలిసింది, డయోడ్లను అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు పెడితే కోత మొరటుగా ఉంటుందని, ఐసీ ఫీడ్‌బ్యాక్ దారిలో పెడితే మెత్తగా ఉంటుందని. ఓవర్‌డ్రైవ్ అని పేరు తెచ్చుకున్న ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ ఈ రెండో పద్ధతిదే. కోఠీ గుజరాతీ గల్లీకి పోయి 4558 ఐసీ తెచ్చాం. 51 కిలో ఓముల రెసిస్టర్ దొరక్క 47 వేశాం. దానికి వరుసలో 500 కిలో ఓముల కంట్రోలు, ఇటువైపు 4.7 కిలో ఓములు, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. లెక్క కడితే గెయిన్ 11 నుంచి సుమారు 117 వరకు వస్తుంది. ఆ కెపాసిటర్ వల్ల 720 హెర్ట్జ్ కింద ఉన్న బొంగురు స్వరాలు తక్కువ పెరుగుతాయి. అందుకే ముద్దగా కాకుండా స్పష్టంగా వినిపిస్తుంది. తీగను నెమ్మదిగా మీటితే మామూలుగా, గట్టిగా మీటితే గర్జించినట్టు పలకడం దీని అందం. మన మైకు సెట్టు స్పీకర్లు గీర్రుమంటుంటే చివర 10 కిలో ఓములు, 4.7 నానోఫారడ్లు పెట్టి సుమారు 3,400 హెర్ట్జ్ పైన కోసేశాం.

మొదట సబ్బు పెట్టెలో పెట్టాం. ప్లాస్టిక్ కదా, ట్యూబ్‌లైట్ వెలిగితే చాలు 'గుమ్' అనేది. అల్యూమినియం టిఫిన్ బాక్సుకు మార్చి, దాన్ని గ్రౌండుకు కలిపాక ఆ రొద పోయింది. మొత్తం ఖర్చు 380 రూపాయలు, తలా 95. సోల్డరింగ్ ఐరన్ సెల్‌ఫోన్ రిపేరు చేసే మిత్రుడిది.

ఇక మాపై వచ్చిన అభ్యంతరాలు. మొదటిది, పోటీ పరీక్షల కాలంలో ఇది టైము వృథా అని. మేం ఆ నెల రోజుల్లో చదవాల్సిన పేజీలు కొన్ని చదవలేదు, ఒప్పుకుంటాం. మా ఇళ్లలో ఒక ఏడాది వెనకబడటం అంటే ఏమిటో మాకు తెలుసు. అయితే క్లిప్పింగ్, బయాసింగ్, ఫిల్టర్ల గురించి ఇప్పుడు ఎవరు అడిగినా మేం కళ్లు మూసుకుని గుర్తు చేసుకోం, కళ్లు తెరిచి చెబుతాం.

రెండోది, కరెంటుతో ఆటలేంటని. ఇది సరైన భయమే. అందుకే మేం 9 వోల్టుల బ్యాటరీ దాటి పోలేదు. గోడ ప్లగ్గుతో నడిచే సర్క్యూట్ల జోలికి తెలిసిన వాళ్లు పక్కన లేకుండా ఎవరూ వెళ్లొద్దు. సోల్డర్‌లో సీసం ఉంటుంది, కిటికీ తెరిచి పని చేయాలి, మెస్‌కు వెళ్లే ముందు చేతులు కడుక్కోవాలి.

మూడోది మాకు బాగా తగిలిన మాట. "గిటారూ అవీ డబ్బున్నవాళ్ల ముచ్చట, మనకెందుకు?" అని. ఈ చిరిగిన స్వరం ఎక్కడ పుట్టిందో ఆ మిత్రులు తెలుసుకోవాలి. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో నల్లజాతి కళాకారులు 'రాకెట్ 88' అనే పాట రికార్డు చేయడానికి వచ్చారు. దారిలో గిటార్ ఆంప్లిఫైయర్ దెబ్బతింది. కొత్తది కొనే పరిస్థితి లేదు. స్పీకర్‌లో కాగితం కుక్కి అలాగే వాయించారు. ఆ బొంగురు శబ్దమే పాటకు ప్రాణమైంది. 1961లో వచ్చిన మరో పాటలో రికార్డింగ్ బల్ల పాడై గిటార్ స్వరం చిట్లింది. దాన్ని పారేయకుండా గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు ఆ చిట్లడాన్నే సర్క్యూట్‌గా కట్టాడు. 1962లో మాయెస్ట్రో ఫజ్ టోన్ పేరుతో పెడల్ వచ్చింది. అంటే లేమిలోంచి, పాడైపోయిన దానిలోంచి పుట్టిన స్వరమిది. మొరటు అని ముద్ర వేయించుకున్న శబ్దాలు మన వాడల్లోనూ ఉన్నాయి. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చే మన పెద్దలకు స్వరం సంగతి ఒకరు చెప్పాలా?

మాలో ఒకరి నాన్న డప్పు కళాకారుడు. రిహార్సల్ రోజు వచ్చి చివరిదాకా విన్నాడు. "మోత మంచిగుంది. గానీ దాని సాటున తాళం తప్పుతున్నరు, చూస్కోండి" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్వరం సాగుతూ ఉంటే వేళ్ల తప్పు దాగిపోతుంది. ఆ రాత్రి పెడల్ పక్కన పెట్టి, ఉత్త గిటార్‌తో తాళం సరిచేసుకున్నాం.

ఈ దసరాకు ఊరెళ్లినప్పుడు మాలో ఒకరు పెద్దమ్మ ఇంటికి తానే వెళ్లి ఆ చార్జింగ్ లైటు విప్పాడు. లోపల బ్యాటరీ తీగ ఒకటి ఊడిపోయి ఉంది. ఒక్క చుక్క సోల్డర్. వెలిగింది. ఆ రోజు ఆమె పెట్టిన అన్నం రుచి మేం నలుగురం పంచుకున్నాం.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఏటా వార్షికోత్సవానికి వచ్చి మాకు ధైర్యం చెబుతున్నారు, సంతోషం. ఈసారి శాలువాలకు, మెమెంటోలకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి మన రీడింగ్ రూము మూలన ఒక బల్ల వేయించండి. ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్, ఒక డబ్బా రెసిస్టర్లు, కెపాసిటర్లు చాలు. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో, రాత్రి ఎన్నింటికి మూయాలో నియమాలు మేమే రాస్తాం, పాటిస్తాం. డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముళ్లకు వారానికో సాయంత్రం నేర్పే బాధ్యతా మాదే.

తమ్ముళ్లూ, మా టిఫిన్ బాక్సు ఇప్పుడు గది కిటికీలో ఉంది. వచ్చి మూత తీసి చూడండి, విప్పండి, పాడైనా ఫర్వాలేదు. మళ్లీ బిగించేది మాత్రం మీరే.

– మన హాస్టల్ ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి, గది మిత్రులందరి తరఫున